పట్టినవాడి పేరూ రాయండి

అంగట్లో నన్ను నీక్యాప్ అంటారు. నేను బతికిన ధర్మవరం నేతింట్లో మాత్రం మోకాలి తొడుగు అనేవాళ్ళు. పుట్టింది మీరట్‌లో. దేశంలో ఆట సామాన్లకు జలంధర్, మీరట్ పేరుపడ్డ ఊళ్ళు. నల్ల ఎలాస్టిక్ అల్లిక, ముందువైపు స్పాంజి మెత్త, అంతే నా ఒళ్ళు. నన్నూ నా జతనూ హిందూపురంలో పదో తరగతి పిల్లవాడొకడు కొనుక్కున్నాడు. డబ్బులిచ్చే ముందు మమ్మల్ని తొడుక్కుని, షాపు గచ్చు మీదే ఎడమ మోకాలు గట్టిగా ఆనించి చూసుకున్నాడు. ఆ ఎడమ మోకాలే నా చోటైంది. వాడు కబడ్డీలో లెఫ్ట్ కార్నర్. పట్టు పట్టడానికి వాడు దూకిన ప్రతిసారీ ముందుగా నేలను తాకింది నేనే.

వాళ్ళది పట్టుచీరల మగ్గం ఉన్న ఇల్లు. నాయన గుంత మగ్గం మీద నేస్తాడు, అమ్మ కండెలు చుడుతుంది. బడి లేని రోజుల్లో వాడూ గుంతలో దిగేవాడు. చూపు నేత మీద, చేయి నాడె మీద, కాళ్ళు కింద పలకల మీద. ఏ పలక ఎప్పుడు తొక్కాలో కాలికే తెలియాలి. కిందికి చూశాడంటే పైన పోగు తప్పుతుంది. ఆ పనితో వాడి పిక్కలు గట్టిపడ్డాయి, కాళ్ళకు ఓపిక వచ్చింది. బడిలో అందరు పిల్లల్లాగే వాడికీ కూతకు పోవాలనే ఆశ. పీఈటీ సార్ ఒప్పుకోలేదు.

"నీకు ఉరుకు తక్కువ, నిలకడ జాస్తి. మూలకు పోయి కార్నర్‌లో నిలబడు" అన్నాడు.

"నేను కూతకు పోతా సార్" అన్నాడు వాడు.

"పోయేవాళ్ళు శానామంది ఉండారు రా. నిలిచేవాడే దొరకడు."

ఆ సాయంత్రం నుంచే నాకు పని మొదలైంది. బడి వెనక ఖాళీ జాగాలో రాళ్ళు ఏరి, పుట్టమన్ను జల్లించి పోసి, నీళ్ళు చల్లి, తొక్కి చదును చేసి, సున్నంతో గీతలు గీశారు. పొడవు 13 మీటర్లు, వెడల్పు 10 మీటర్లు, నడుమ ఒక గీత. ఇటు ఏడుగురు, అటు ఏడుగురు. కూతకు వచ్చినవాడికి 30 సెకన్లు. ఎంత జల్లించినా మా అనంతపురం సీమ మట్టిలో గరుసు పోదు. ఆ గరుసు నా మెత్తను కొరికితే అమ్మ రాత్రి దీపం దగ్గర కూర్చుని, నేతలో మిగిలిన ఎర్ర పట్టుపోగుతో నన్ను కుట్టేది. నల్లటి ఒంటి మీద ఆ ఎర్ర కుట్లు చూసి జట్టులో పిల్లలు నన్ను గుర్తుపట్టేవాళ్ళు.

కార్నర్ పని ఎలా ఉంటుందో దగ్గరగా చూసినదాన్ని కాబట్టి చెబుతాను. కూతకు వచ్చినవాడి ముఖం చూడకూడదని సార్ మొదటి పాఠం. "ముఖం అబద్ధం చెప్తాది, నడుము చెప్పదు" అనేవాడు. వచ్చినవాడు కుడివైపు చూస్తాడు, ఎడమవైపు చేయి విసురుతాడు. నడుము ఎటు తిరిగిందో అటే పోతాడు. బరిలో ఆరుగురో ఏడుగురో ఉన్నప్పుడు బోనస్ గీత మీద వాడికి ఆశ పుడుతుంది. ఒక కాలు గీత దాటి ఆనాలి, రెండో కాలు గాల్లో ఉండాలి, అప్పుడే బోనస్ పాయింటు. అంటే ఆ ఒక్క క్షణం వాడి బరువంతా ఒంటికాలి మీదే ఉంటుంది. కార్నర్‌లో ఉన్నవాడు బతికేది ఆ క్షణం కోసమే. మావాడు ఊపిరి బిగబట్టి వంగేవాడు. నేను నేలకు రాసుకుంటూ ముందుకు జారేదాన్ని. మావాడి రెండు చేతులూ కూతగాడి చీలమండ చుట్టూ బిగుసుకునేవి, భుజం పిక్కకు అడ్డం పడేది. లాగాల్సింది తనవైపుకే, పైకి ఎత్తితే కాలు జారిపోతుంది. అప్పటిదాకా మావాడి చేయి పట్టుకుని ఉన్న లెఫ్ట్ ఇన్ చేయి వదిలేసి నడుముకు వచ్చేవాడు. కవర్‌లో ఉన్నవాడు నడిగీతకు అడ్డంగా నిలిచేవాడు. ముగ్గురూ సమయానికి కలిస్తేనే పట్టు. ఒక్కడు తడబడినా కూతగాడు వేలికొసతో నడిగీత ముట్టుకుంటాడు, తాకిన వాళ్ళంతా బయటికి పోవాల్సిందే.

ఇంతా చేస్తే వచ్చేది ఒక్క పాయింటు. ముగ్గురు పట్టినా ఏడుగురు పట్టినా ఒక్కటే. అదే కూతకు పోయినవాడు నలుగురిని తాకి వస్తే నాలుగు. బరిలో ముగ్గురో అంతకంటే తక్కువో మిగిలినప్పుడు పట్టితే సూపర్ ట్యాకిల్, అప్పుడు మాత్రం రెండు.

పండగ టోర్నమెంట్లకు ధర్మవరంలో ప్యాసింజర్ ఎక్కేవాళ్ళు. పెనుకొండ దాటి హిందూపురం దాకా అదే రైలు దారి. సంచిలో ఒకవైపు మేము, ఇంకోవైపు అమ్మ కట్టిచ్చిన చద్ది. హిందూపురం ఎంజీఎం మైదానంలో జనం బాగా వచ్చేవాళ్ళు. బెంగళూరు దగ్గరే కాబట్టి కన్నడ జట్లు కూడా వచ్చేవి. రెండు భాషల్లో కేకలు వినిపించేవి. మైకులో మాత్రం ఎప్పుడూ కూతకు వెళ్ళినవాడి పేరే. "ఫలానా అన్న బరిలో దిగినాడు, మూడు పాయింట్లు తెచ్చినాడు!" మావాడు పట్టినప్పుడు "పట్టేసినారు!" అని బహువచనంలో ఒక కేక, అంతే. స్కోరు పుస్తకంలో జట్టు పేరు కింద ఒక గీత పడేది. ఆ గీత ఎవరి మోకాలు గీసుకుపోయి వచ్చిందో పుస్తకంలో ఉండేది కాదు.

వాళ్ళ ఇంట్లో ఇది కొత్త సంగతేం కాదు. నాయన నేసిన చీర పెళ్ళిలో కట్టుకుంటే, చూసినవాళ్ళు ఏ షాపులో కొన్నారని అడుగుతారు. నేసిన చెయ్యి ఎవరిదని అడగరు. ధర్మవరం పట్టుచీరకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఊరికి పేరు నిలిచింది. మగ్గం గుంతలో కాళ్ళు అరిగిన మనిషి పేరు చీర అంచు మీద ఎక్కడా లేదు.

ఒక వేసవిలో వాడి చిన్నాయన కొడుకు డాలస్ నుంచి వచ్చాడు. "రేయ్, అమెరికావాళ్ళ ఫుట్‌బాల్ చూడు, అందులో సగం నీ పనే" అని ఫోన్లో చూపించాడు. అక్కడ బంతి ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి. పోనీయకుండా పట్టి పడేసేది డిఫెన్స్. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ను విసరకముందే పడగొడితే దాన్ని శాక్ అంటారు. అక్కడి వృత్తి లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ 1920 నుంచీ నడుస్తున్నా, శాక్‌లను ఆటగాడి పేరు మీద అధికారికంగా లెక్కపెట్టడం మొదలైంది 1982లో. అంతకుముందు పడగొట్టినవాళ్ళ లెక్క లీగ్ పుస్తకాల్లో లేదు. న్యూయార్క్ జెయింట్స్ జట్టు 1981లో తీసుకున్న లారెన్స్ టేలర్ అనే లైన్‌బ్యాకర్, అంటే డిఫెన్స్ ఆటగాడు, 1986లో ఒక్క సీజన్‌లోనే ఇరవైకి పైగా శాక్‌లు చేసి, ఆ ఏడాది లీగ్ అత్యుత్తమ ఆటగాడయ్యాడు. డిఫెన్స్ ఆటగాడికి ఆ గౌరవం దక్కడం అది రెండోసారి. మొదటివాడు మినెసోటా వైకింగ్స్ జట్టులో ఆడిన అలన్ పేజ్, 1971లో. ఆ పేజ్ ఆడుతూనే లా చదివాడు. 1993 నుంచి 2015 దాకా మినెసోటా రాష్ట్ర సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా పనిచేశాడు. తండ్రి వైపు భారతీయ మూలాలున్న బ్రాండన్ చిల్లర్ కూడా ఆ లీగ్‌లో లైన్‌బ్యాకర్‌గా ఆడినవాడే. ఇవన్నీ విని మావాడు ఒక్కటే అడిగాడు. "అయితే అక్కడ పట్టినోని పేరు రాస్తారా?" "ఇప్పుడు రాస్తారు" అన్నాడు అన్న. ఆ రాత్రి వాడు చాలాసేపు నన్ను చేతిలో పట్టుకుని కూర్చున్నాడు.

2014లో ప్రో కబడ్డీ లీగ్ వచ్చాక మన దగ్గరా ఆ లెక్క ఇంటింటికీ చేరింది. టీవీలో ప్రతి ఆటగాడి పేరు పక్కన ట్యాకిల్ పాయింట్లు కనిపించాయి. తెలుగు టైటాన్స్‌కు ఆడిన విశాల్ భరద్వాజ్ చీలమండ పట్టు వేస్తుంటే ఇంట్లో అందరూ లేచి నిలబడేవాళ్ళు. తమిళనాడు నుంచి వచ్చిన ధర్మరాజ్ చేరలాతన్ నలభై దాటిన వయసులో పట్నా పైరేట్స్‌కు కెప్టెన్‌గా 2016లో ట్రోఫీ తెచ్చాడు. ఆయనదీ కార్నరే. ఇరాన్ నుంచి వచ్చిన ఫజల్ అత్రాచలి లెఫ్ట్ కార్నర్‌లో నిలబడి ఈ లీగ్‌లోనే అందరికంటే ఎక్కువ ట్యాకిల్ పాయింట్లు తెచ్చాడు. "నా జాగాలోనే నిలబడతాడు మా" అని అమ్మకు చూపించి మావాడు మురిసిపోయేవాడు.

వాడూ జిల్లా జట్టుకు ఎదిగాడు. ఆటగాళ్ళ కోటాలో చిన్న ఉద్యోగం వచ్చింది. మట్టి పోయి మ్యాట్ వచ్చింది, కాళ్ళకు బూట్లు వచ్చాయి. మ్యాట్ మీద చర్మం తక్కువ చిట్లుతుంది, అందుకు నేనూ సంతోషించాను. కానీ బూటు మ్యాట్‌ను గట్టిగా పట్టుకుంటుంది. ఒక పోటీలో బలమైన కూతగాడు తొడ పట్టు విదిలించుకున్నాడు. మావాడి పాదం ఉన్నచోటే ఉండిపోయింది, ఒళ్ళు మాత్రం తిరిగింది. లోపల ఏదో తెగిన చప్పుడు అందరికంటే ముందు నేను విన్నాను. లిగమెంటు. నేను కాపాడగలిగేది చర్మాన్నీ, పైదెబ్బనూ. మోకాలి లోపల మెలిక పడితే ఎలాస్టిక్ తొడుగు ఆపలేదు. దాన్ని ఆపేది తొడ వెనక కండరాల బలం, ఒళ్ళు వేడెక్కించుకునే అలవాటు, మోకాలు లోపలికి వాలకుండా దిగడం నేర్పే కోచ్. ఆ చదువు టౌన్లకు ఇప్పుడిప్పుడే వస్తోంది. పల్లె మైదానాలకూ అది చేరాలి.

ఆపరేషన్ తర్వాత వాడు నడిచాడు, పరుగెత్తాడు. కార్నర్‌లో మాత్రం మళ్ళీ నిలబడలేదు. ఇప్పుడు సాయంత్రాలు ధర్మవరంలో ఆడపిల్లలకు కబడ్డీ నేర్పుతున్నాడు. వాళ్ళ బరి 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు. ఆసియా క్రీడల్లో మగవాళ్ళ కబడ్డీ 1990లో చేరితే ఆడవాళ్ళది 2010లో చేరింది. ఈ పిల్లల్లో సగంమంది మగ్గాల ఇళ్ళ నుంచే వస్తారు. అందులో ఒకమ్మాయికి లెఫ్ట్ కార్నర్ ఇచ్చి, నన్ను ఉతికి ఆరేసి తొడిగించాడు. ఎర్ర కుట్ల మీద ఆ పిల్ల వాళ్ళమ్మ ఇంకో వరస వేసింది.

పెనుకొండకు పోటీలకు వెళ్ళినప్పుడు వాడు పిల్లల్ని కొండ మీదికి తీసుకెళ్ళాడు. 1565లో రక్కసి తంగడి యుద్ధంలో ఓడాక విజయనగరం రాజధాని ఈ కోటకే తరలింది. బురుజుల పక్కన కూర్చోబెట్టి, మన సీమ పల్లెల్లోని వీరగల్లుల సంగతి చెప్పాడు. ఊరి ఆవులను తోలుకుపోతుంటే అడ్డం నిలబడి ప్రాణమిచ్చినవాడికి ఊరంతా కలిసి రాయి చెక్కించేది. అడ్డం నిలిచినవాణ్ణి తలుచుకోవడం మనకు ఎప్పటినుంచో తెలిసిన మర్యాద.

వాడి దగ్గరొక నోటుపుస్తకం ఉంది. ప్రతి ఆటలో కాలు పట్టింది ఎవరు, నడుముకు వచ్చింది ఎవరు, గీతకు అడ్డం నిలిచింది ఎవరు అని మూడు గడులు గీసి పేర్లు రాస్తాడు. ఆట అయ్యాక పైకి చదివి వినిపిస్తాడు. పాయింటు ఒక్కటే అయినా పేర్లు మూడు. ఆ చదువు విన్నాక కూతకు పోనని మూలకు పోయే పిల్లలు పెరిగారు. టోర్నమెంట్లు నడిపే పెద్దలకు నాదొక మనవి. మీ స్కోరు పుస్తకాల్లో ఆ మూడు గడులు గీయండి. మైకు పట్టుకున్న అన్నలారా, "పట్టేసినారు" అని వదిలేయకండి, ఎవరు పట్టారో పేరుపెట్టి పిలవండి. ఖర్చు ఒక పెన్సిలు, రెండు మాటలు. వచ్చే సంక్రాంతి పోటీల నుంచే మొదలుపెట్టొచ్చు.