అన్నతో మాట్లాడండి సార్!

హైదరాబాద్‌లో ట్రాఫిక్ పోలీసు చెయ్యెత్తితే మనవాడి చెయ్యి లైసెన్సు మీదకు పోదు, ఫోను మీదకు పోతుంది. అవతల ‘అన్న’ ఉంటాడు. కార్పొరేటర్ గారి బామ్మర్ది కావచ్చు, ఆయన డ్రైవరైనా కావచ్చు. ‘ఒక్క నిమిషం మాట్లాడండి సార్’ అంటూ ఫోను పోలీసు చెవికి ఆనిస్తాడు. హెల్మెట్ మాత్రం మోచేతికి వేలాడుతుంటుంది. తలకన్నా మోచెయ్యే ఖరీదు మరి!

సారుగారేమైనా తక్కువ తిన్నారా? చెట్టుచాటు నుంచి ఊడిపడి ముందు బండి తాళం పీకుతారు, మాటలు తర్వాత. యూనిఫాంలో ఉన్న పోలీసు అడిగితే లైసెన్సు చూపాలని మోటారు వాహనాల చట్టం 130వ సెక్షన్ చెబుతోంది. తాళం లాక్కోమని ఏ సెక్షనూ చెప్పలేదు. డిజిలాకర్‌లో లైసెన్సు చూపిస్తే ‘ఒరిజినల్ ఏదీ?’ అని గద్దింపు. అదీ చెల్లుతుందని కేంద్రం 2018లోనే నిబంధన మార్చింది. ఆ కబురు కూడలి దాకా రాలేదు, దారిలో రెడ్ సిగ్నల్ పడిందేమో!

ఇక చలానా కట్టే తొందర ఎవరికి? తెలంగాణలో బైకుల పెండింగ్ చలానాలకు 2022లో 75 శాతం రాయితీ, 2023 డిసెంబరులో 80 శాతం. ఠంచనుగా కట్టినవాడు వెర్రివెంగళప్ప, ఎగ్గొట్టినవాడికి ఆషాఢం సేల్!

బాబూ, బండి పక్కకు తీసి కాగితాలు చూపించు. సార్, మీరు తాళం ఇచ్చేసి చలానా రాయండి... రసీదుతో సహా.