బడి బయటి తండ్రి

నియమం ఊరికే పుట్టదు. ‘ఇచ్చట మూత్ర విసర్జన చేయరాదు’ అని గోడ మీద ఎర్రరంగుతో రాసి ఉందంటే అంతకుముందు అక్కడ ఎవరో నిలబడి వెళ్లారనే అర్థం. మా హోమ్‌స్కూలింగ్ గ్రూపుకి ఒక నియమావళి ఉంది. ఒక్క పేజీ. కొత్తగా చేరేవాళ్లు అది చదివి ‘ఎంత ముందుచూపుతో రాశారండీ’ అని మెచ్చుకుంటారు. ముందుచూపూ లేదు, పాడూ లేదు. అందులో ముప్పాతిక గోడల దగ్గర నిలబడినవాణ్ణి నేనే. పైగా ఆ నియమావళి రాసిందీ నేనే.

హైదరాబాదులో పిల్లల్ని బడికి పంపకుండా ఇంటి దగ్గరే చదివించుకునే కొన్ని కుటుంబాల వాళ్లం మేము. వారానికోసారి ఇందిరా పార్కులో చెట్ల కింద చాపలు పరుచుకుని కలుస్తాం. పిల్లలు ఆడుకుంటారు. పెద్దవాళ్లం ‘మనం చేస్తున్నది సరైన పనేనంటారా’ అని ఒకరినొకరు అడుగుతూ కూర్చుంటాం. అందరం ‘రైలు బడి’ చదివి చెడిపోయిన బాపతే. టెట్సుకో కురొయనాగి 1981లో రాసిన ‘తొత్తో చాన్’కి తెలుగు అది. పాత రైలు పెట్టెల్లో పాఠాలు చెప్పే ఆ టోమోయె బడి గురించి చదివాక మామూలు బడికి ఫీజు కట్టడానికి చెయ్యి రాదు. రైలు పెట్టె కొందామంటే స్తోమత లేదు. ఇక మిగిలింది ఇల్లు.

ఇది చట్టం ఒప్పుకుంటుందా అని అడగని చుట్టం లేడు. 2002లో రాజ్యాంగానికి 86వ సవరణ చేసి చదువును ప్రాథమిక హక్కు చేశారు. 2009లో విద్యాహక్కు చట్టం తెచ్చారు, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలు. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల్ని బడిలో చేర్చడం తల్లిదండ్రుల విధి అని అందులో పదో సెక్షన్ చెబుతుంది. చేర్చకపోతే తల్లిదండ్రులకు శిక్ష ఏమిటో చెప్పదు. ఇంట్లో చదువు చెప్పుకోవడం గురించి అసలు మాటే ఎత్తదు. ఆ మౌనంలోనే మేం చాపలు పరుచుకున్నాం. పద్నాలుగేళ్లు నిండాక జాతీయ సార్వత్రిక విద్యాపీఠం ద్వారా పదో తరగతి రాయించుకోవచ్చు గదా అని ధైర్యం. ఈ మాట నేను ఎంత ధాటిగా చెబుతానో, రాత్రి పదకొండింటికి అంత గాభరాగా మా ఆవిణ్ణి లేపి ‘ఏమంటావ్?’ అని అడుగుతాను.

అసలు చిక్కు చట్టంతో కాదు, మా మామగారితో. ఆయన జిల్లా పరిషత్ హైస్కూల్లో హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. సర్వీసంతా ఎండలో గడప గడపకీ తిరిగి, గేదెల వెనక ఉన్న పిల్లవాణ్ణీ, చేలో కలుపు తీస్తున్న పిల్లనీ పట్టుకొచ్చి బడిలో కూర్చోబెట్టిన మనిషి. ఆయన రికార్డుల భాషలో అలాంటివాళ్లని ‘బడి బయటి పిల్లలు’ అంటారు. అల్లుడి పుణ్యమా అని సొంత మనవడే ఆ జాబితాకెక్కాడు.

ఒక మే నెలలో ఆయన వచ్చేసరికి ఆవకాయ పనిలో ఉన్నాం. మావాడి ముందు గంపెడు వెల్లుల్లి పోసి ఒలవమన్నాను. పక్కనే రికార్డు పుస్తకంలో ‘భిన్నాలు, వేళ్ల నైపుణ్యం, ఆహార శాస్త్రం’ అని మూడు సబ్జెక్టులుగా రాసుకుంటున్నాను. ఆయన చెప్పులు విప్పుతూ కాసేపు చూశారు.

“శాంతా సిన్హా గారి పేరు విన్నారా అల్లుడుగారూ?” అన్నారు. ఆయన ‘గారూ’ అన్నప్పుడే నేను కుర్చీ అంచుకి జరుగుతాను.

వినకేం. రంగారెడ్డి జిల్లా పల్లెల్లో వేలమంది పిల్లల్ని పనిలోంచి బడికి మళ్లించిన ఎం.వి. ఫౌండేషన్ ఆవిడ మొదలుపెట్టిందే. 2003లో మెగసెసే అవార్డు వచ్చింది.

“వాళ్ల సిద్ధాంతమేమిటో తెలుసుగా. బడి బయట ఉన్న ప్రతి బిడ్డా బాలకార్మికుడి కిందే లెక్క. ఇన్నాళ్లూ అది కాస్త అతిశయోక్తి అనుకున్నాను. ఇవాళ కళ్లారా చూశాను” అని, మనవడి ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని తనూ వెల్లుల్లి ఒలవడం మొదలుపెట్టారు. సాయంత్రానికి వాడికి దశాంశ స్థానాలు వచ్చేశాయి. అవి నేను రెండు నెలలుగా చెబుతున్నవే.

నాకు ఉక్రోషం వచ్చింది. ఉక్రోషం వచ్చినప్పుడు నేను ఎదురుగా ఎవరుంటే వాళ్లకి ఉపన్యాసమిస్తాను. ఆ పూట మా అపార్టుమెంటు వాచ్‌మన్ భార్య దొరికింది. వాళ్ల పాప సర్కారు బడిలో ఏడో తరగతి. రోజూ మెట్ల మీద లైటు కింద కూర్చుని హోంవర్కు చేసుకుంటుంది. బడుల వల్ల పిల్లల సహజ కుతూహలం ఎలా చచ్చిపోతుందో నేను వివరంగా చెప్పాను. ఆవిడ చీపురు పట్టుకుని ఓపికగా విని, “బాబుకి చదువు ఎక్కట్లేదా సార్? మా పాపని పంపిస్తా, సాయంత్రంపూట కూర్చోబెట్టి చెబుతుంది. పైసలేం వద్దు” అంది.

నియమావళిలో ‘బడికి పంపేవారిని చిన్నచూపు చూడరాదు, ఇంటి చదువు అందరికీ వీలయ్యేది కాదని గుర్తుంచుకోవాలి’ అన్నది ఆ మెట్ల దగ్గర పుట్టింది. ఇందులో నాకే హాస్యమూ దొరకదు. ఇంట్లో ఒకరు సంపాదన మానుకుని కూర్చోగలిగితేనే మా చాపలూ మా సిద్ధాంతాలూ. మావాడి కుతూహలానికి మా ఆవిడ ఉద్యోగం ఖర్చయింది. నా ఉద్యోగం మాత్రం చెక్కుచెదరలేదు. ఈ సంగతి ఆవిడ గుర్తుచేయనక్కరలేదు, రెప్పవేయకుండా నన్ను అలా చూస్తే చాలు.

పరీక్షల నియమం మరీ ఘోరం. నేను విజయవాడలో రెసిడెన్షియల్ కాలేజీలో ఎంసెట్ కోచింగు తిన్నవాణ్ణి. 1986లో మొదలైన ఆ పరీక్ష రెండు తరాల తెలుగువాళ్ల నిద్ర తినేసింది. తెల్లవారకముందే స్టడీ అవరు, వారం వారం పరీక్ష, ర్యాంకును బట్టి సెక్షను, సెక్షనును బట్టి మెస్సులో గౌరవం. నా అసలు ర్యాంకు ఇప్పటికీ ఎవరికీ తెలియదు. మా ఆవిడకి చెప్పింది వేరే ర్యాంకు. నా కొడుక్కి ఈ గొడవ ఉండకూడదని కదా బడి మాన్పించింది! కానీ నాలోని వార్డెన్‌కి ఆ కబురు అందలేదు. పార్కులో జారుడుబండ పైకి ఎక్కిన పిల్లల్ని కింద నిలబడి ఆపేవాణ్ణి.

“పదిహేడు తొమ్ముళ్లెంత?”

ఓ ఎనిమిదేళ్ల పాప జారబోయి ఆగింది. “ఎందుకంకుల్?”

“ఊరికే.”

“ఊరికే అయితే మీరే చెప్పండి.”

నూట నలభై మూడన్నాను. వెనక చాప మీంచి వాళ్లమ్మ తలెత్తకుండానే “నూట యాభై మూడండీ” అంది. పిల్ల జర్రున జారిపోయింది. ఇక ‘ఇతరుల పిల్లలకు పరీక్షలు పెట్టరాదు, ఒకరితో ఒకరిని పోల్చరాదు’ అన్నది ఎవరి గోడో చెప్పాలా?

మా లోకంలో ఓ మాట చెలామణీలో ఉంది: పిల్లవాణ్ణి బడి మాన్పించాక, బడిలో గడిపిన ఒక్కో ఏడాదికి ఒక్కో నెల చొప్పున ఊరికే వదిలేయాలట, ఆ వాసన పోవడానికి. మావాడు రెండేళ్లు వెళ్లాడు, రెండు నెలల్లో తేరుకున్నాడు. నాకు పదహారు నెలలు పట్టాలి. అయిపోయి చాలాకాలమైంది. వాసన మాత్రం అలాగే ఉంది.

వాసన అంటే నెత్తళ్ల సంగతి చెప్పాలి. రైలు బడి హెడ్మాస్టరు కొబయాషి గారు పిల్లల మధ్యాహ్న భోజనంలో సముద్రం నుంచి కొంత, కొండల నుంచి కొంత ఉండాలనేవారు. చదివినవాళ్లందరూ ‘ఎంత అందమైన ఆలోచన’ అనుకుని ఊరుకున్నారు. నేను అమలు చేశాను. మాది బందరు వైపు. కొండకి సీతాఫలాలు, సముద్రానికి ఎండు నెత్తళ్ల వేపుడు. పార్కులో క్యారియరు మూత తీశాను. గాలి సరిగ్గా మిగతా చాపల వైపుకి వీస్తోంది. అక్కడ వెల్లుల్లి కూడా తినని కుటుంబం ఉంది. గుడ్డు వరకూ పర్లేదనేవాళ్లున్నారు. ఇంట్లో తినరు గానీ బయటైతే సరేననేవాళ్లున్నారు. పెద్దవాళ్లంతా కొంగులూ చేతిరుమాళ్లూ ముక్కులకి అడ్డం పెట్టుకున్నారు. పిల్లలు మాత్రం మూకుమ్మడిగా నా క్యారియరు మీద పడ్డారు. వెల్లుల్లి తినని ఇంటి పిల్లవాడు ఒక నెత్తల్ని తోక పట్టుకుని పైకెత్తి, వెలుగులో తిప్పి తిప్పి చూసి, “అమ్మా, ఇది నన్నే చూస్తోందే!” అని కేకేశాడు. ఆ రోజు వాళ్లమ్మగారు మాతో మళ్లీ మాట్లాడలేదు.

‘అందరితో పంచుకునే తిండి ఏమిటో ముందే చెప్పాలి. ఎవరి తిండినీ ఎవరూ ఈసడించరాదు.’ ఇందులో మొదటి సగం నా వల్ల వచ్చింది. రెండో సగం, ఆ ముక్కులు మూసుకున్న తీరు చూసి మా ఆవిడ పట్టుబట్టి రాయించింది. నియమావళి మొత్తంలో నాకు దక్కిన ఏకైక రక్షణ అది.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ‘అడగకుండా పిల్లల ఫొటోలు పెట్టరాదు’: మావాడి ఫొటో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాను. వెనక ఉయ్యాల మీద ఇంకో పిల్లవాడు. వాడు బుద్ధిగా బడికెళుతున్నాడని గుంటూరులో వాళ్ల తాతగారు నమ్ముతున్నారు. మంగళవారం పొద్దున పదకొండింటికి పార్కులో ఉయ్యాల ఊగుతున్నాడని నా స్టేటస్ వల్ల తెలిసింది. ‘పిల్లల్ని దించేసి వెళ్లిపోరాదు’: పార్కింగు వెతుకుతున్నానని చెప్పి మధ్యాహ్నం దాకా వెతికాను. ‘మా పద్ధతే గొప్పదనరాదు’: ఒక వర్షాకాలమంతా నేను మాంటిస్సోరి మనిషిని. పూసలు, చెక్కముక్కలు కొని, కొననివాళ్ల మీద జాలిపడ్డాను. చలికాలానికి జాన్ హోల్ట్ చదివాను. 1977లో ‘గ్రోయింగ్ వితౌట్ స్కూలింగ్’ పత్రిక పెట్టిన అమెరికా ఆయన. ఏమీ చెప్పకుండా ఉండడమే చదువు అని నాకు అర్థమైంది, పడక్కుర్చీ కొన్నాను. ఆయన చెప్పింది అది కాదని మా ఆవిడకి అర్థమైంది.

ఇన్ని జరిగాక ఓ రోజు చాపల మీద ‘మనకీ కొన్ని కట్టుబాట్లు ఉండాలండీ’ అని ఎవరో అన్నారు. అందరూ నావైపు చూశారు. నా భాషాజ్ఞానం మీద గౌరవం అనుకున్నాను. “గౌరవం కాదండీ, వాఙ్మూలం రాసిమ్మంటున్నారు” అంది మా ఆవిడ ఇంటికొచ్చాక.

నా మొదటి ప్రతి తొమ్మిది పేజీలు. ముందు పీఠిక, తర్వాత అధ్యాయాలు, ఉపనిబంధనలు. హాజరు పట్టిక. ప్రతి ఉల్లంఘనకీ నెగెటివ్ మార్కులు. నెలాఖరుకి ఏ కుటుంబం ఏ స్థానంలో ఉందో చాప పక్కన చెట్టుకి అంటించాలని ప్రతిపాదన. మా ఆవిడ చదివి, ఎర్రపెన్ను అడిగి తీసుకుంది. ఒక్క పేజీ మిగిలింది.

పిల్లల ప్రవర్తన భాగం మాత్రం నేను వదల్లేదు. చెట్లెక్కరాదు, బురదలో దిగరాదు, గొడవ వస్తే వెంటనే పెద్దలకు తెలియజేయాలి, ఇలా. మరుసటి వారం అది చదవబోతుంటే పిల్లలందరూ వచ్చి చాపల ముందు వరసగా బైఠాయించారు. ఇందిరా పార్కు పక్కనే ధర్నా చౌక్. అంగన్‌వాడీల నుంచి ఆటోడ్రైవర్ల దాకా ఎవరికి కష్టమొచ్చినా అక్కడికే వస్తారు. మా పిల్లలు పౌరశాస్త్రమంతా గోడ అవతలి మైకుల్లోంచే నేర్చుకున్నారు. “మా డిమాండ్లు... నెరవేర్చాలి!” అని ఒకళ్లు, “నెరవేర్చాలి, నెరవేర్చాలి!” అని మిగతావాళ్లు. మావాడే నాయకుడు. తాతగారు నేర్పిన గుండ్రని అక్షరాలతో వినతిపత్రం కూడా ఉంది. రక్తం వస్తే తప్ప పెద్దవాళ్లు ఆటలోకి రాకూడదు. పంటలు మేమే వేసుకుంటాం. దొంగాట ఆడినవాళ్ల సంగతి మేమే చూసుకుంటాం. అంకుల్ ప్రశ్నలడక్కూడదు.

“ఏ అంకుల్?” అన్నాను.

నినాదాలు ఆగిపోయాయి. చాపల మీద కూడా ఎవరూ మాట్లాడలేదు.

చర్చలు జరిగాయి. నా భాగం మొత్తం కొట్టేసి వాళ్ల కాగితమే నియమావళి వెనక అంటించడానికి అందరూ ఒప్పుకున్నారు. నా ఒక్కడి విషయంలో పీటముడి పడింది. నన్ను పూర్తిగా బయట ఉంచాలని కొందరు, పాపం అని కొందరు. చివరికి పదిహేడో ఎక్కం పాప మధ్యేమార్గం చెప్పింది: “అంకుల్‌ని ఆటలో అరటిపండు చేద్దాం.” మూడేళ్ల పిల్లలకి ఇచ్చే హోదా అది. అందరితోపాటు పరిగెత్తవచ్చు. ముట్టుకున్నా అవుట్ కారు, పట్టుకున్నా లెక్కలోకి రాదు. మావాడు నా దగ్గరికొచ్చి, “ఒప్పుకో నాన్నా, ఇంతకన్నా రాదు” అని చెవిలో చెప్పాడు.

ఒప్పుకున్నాను. ప్యాంటు మడుచుకుని వరసలో నిలబడ్డాను. పంటలు వేయబోతుంటే ఒక్క చిన్న సందేహం వచ్చి చెయ్యెత్తాను.

“అరటిపండుకి పాయింట్లు ఎవరు రాస్తారు?”