దీపం సాయంత్రం వెలిగించండి

బాలల సంరక్షణ మీద ఒక రోజు శిక్షణ అంటే పదింటికి మొదలని కాగితంలో ఉంటుంది. ముఖ్య అతిథి కారు పన్నెండుకి గానీ రాదు. అందాకా అంగన్‌వాడీ టీచర్ల చేత ‘ఎనర్జైజర్’ ఆడిస్తారు. ఒకసారి చినుకుల్లా, ఇంకోసారి జడివానలా చప్పట్లు కొట్టాలి. తెల్లారకుండా లేచి వంట చేసి, రెండు బస్సులు మారి వచ్చిన ఆడవాళ్ళకి ఉత్సాహం తక్కువైందని నిర్వాహకుల దిగులు.

అతిథి వచ్చారు. ఐదు వత్తులు, ఐదుగురు అధికారులు, ఒక కొవ్వొత్తి. ‘నేటి బాలలే రేపటి పౌరులు’ అన్నారు. వేరే మీటింగుందని వెళ్ళిపోయారు. ఆయన వెనకే పోలీసు తరఫున వచ్చినాయనా, రెవెన్యూ తరఫున వచ్చినాయనా. చెయ్యగలిగినవాళ్ళు పోగా, చెప్పించుకునేవాళ్ళు మిగిలారు.

అప్పుడు తెరమీద పోక్సో చట్టం పడింది. 2012 నాటిది. బాధిత బిడ్డ వాంగ్మూలాన్ని ఇంటి దగ్గరో, బిడ్డ కోరుకున్న చోటో తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్సై హోదాకి తగ్గని మహిళా అధికారి తీసుకోవాలి. యూనిఫాం వేసుకోకూడదు. ఏ కారణంతోనూ బిడ్డని రాత్రిపూట స్టేషన్లో ఉంచకూడదు. బంగారం లాంటి నిబంధనలు! వాటిని పాటించాల్సినవాళ్ళ జీపు అప్పటికి ఊరు దాటేసింది. శ్రద్ధగా నోట్సు రాసుకున్నది మాత్రం టీచరమ్మ. మహిళా ఎస్సై యూనిఫాంలో రాకూడదని ఇప్పుడావిడకి కంఠతా వచ్చు.

తర్వాత 2015 నాటి బాలల న్యాయ చట్టం. రక్షణ అవసరమైన బిడ్డని ఇరవై నాలుగు గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందుంచాలి, ప్రయాణానికి పట్టే సమయం మినహాయించి. (ఆ మినహాయింపు రాసిన మహానుభావుడెవరో మన పల్లె బస్సెక్కి ఉంటాడు.)

భోజనాలయ్యాక చార్టులు, స్కెచ్ పెన్నులు పంచి ‘సమస్యా వృక్షం’ గీయమన్నారు. పేదరికం వేరు, బాల్యవివాహం కొమ్మ. ఆకులు ఎవరిష్టం వాళ్ళది. అందరూ వంచిన తల ఎత్తకుండా గీస్తుంటే వెనక బెంచీలోంచి ఒకావిడ లేచింది.

“సార్, మా ఊళ్ళో పదో తరగతి పిల్లకి రాత్రి పదకొండుకి ముహూర్తం పెట్టారు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి నేనే ఫోన్ చేశాను. వాళ్ళు వచ్చేలోపే పెళ్ళివారు నా ఇంటి మీదకొచ్చారు. చెప్పింది నేనేనని వాళ్ళకెవరు చెప్పారు సార్?”

“వెరీ గుడ్ క్వశ్చన్!” అన్నాడు ట్రైనరు. పసుపు చీటీ మీద రాసి ‘పార్కింగ్ లాట్’ అనే చార్టుకి అంటించాడు. జవాబు దొరకని ప్రశ్నలకి అది బస అట. ఇంతవరకూ అక్కణ్ణుంచి బండి బయటికి తీసినవాణ్ణి నేను చూడలేదు.

నాదొక చిన్న మనవి. ఆ దీపం సాయంత్రం ఐదింటికి వెలిగించండి. వెలిగించే చేతులు పొద్దుటి నుంచీ హాల్లోనే ఉండాల్సొస్తుంది. ఎనర్జైజరూ వాళ్ళచేతే ఆడించండి. చార్టులూ వాళ్ళకే ఇవ్వండి. పాఠం వెనక బెంచీ ఆవిడ చెబుతుంది, స్లైడ్లక్కర్లేదు.

ఐదున్నరకి బ్యానర్ ముందు గ్రూప్ ఫొటో. సర్టిఫికెట్లో ఆవిడ ఇంటిపేరు తప్పు పడింది. దాన్ని చంకన పెట్టుకుని ఆఖరి బస్సు కోసం పరిగెడుతుంటే పై ఆఫీసు నుంచి ఫోన్.

“ఏమ్మా, ఈరోజు పోషణ్ ట్రాకర్‌లో పిల్లల హాజరు పడలేదేం? సెంటరు తెరవలేదా?”