కొడకండ్లకో సముద్ర అభయారణ్యం

మా ఊరు కొడకండ్లను సముద్ర రక్షిత ప్రాంతంగా ప్రకటించాలని సర్కారుకు దరఖాస్తు పెట్టబోతున్నాను. సముద్రమే లేదు కదా అంటారేమో, మా అర్హతే అది. సముద్రం లేదు కాబట్టి సముద్రపు జాలరి లేడు. జాలరి లేడు కాబట్టి అభ్యంతరం లేదు. ఇక సామాజిక న్యాయానికి లోటేముంది?

ఇది నా సొంత తెలివి కాదు, ఇంగ్లండు దొరల దగ్గర నేర్చుకున్నదే. హిందూ మహాసముద్రంలోని చాగోస్ దీవుల జనాన్ని సైనిక స్థావరం కోసం ఎప్పుడో ఖాళీ చేయించారు. 2010లో ఆ నీళ్లను రక్షిత ప్రాంతం చేశారు. స్థావరమున్న డీగో గార్సియా చుట్టూ మాత్రం వదిలేశారు, అక్కడి చేపలకు రక్షణ అక్కర్లేదు కాబోలు. ఆ ప్రకటన సముద్ర చట్టానికి విరుద్ధమని 2015లో అంతర్జాతీయ ట్రిబ్యునల్ తేల్చింది.

2030 కల్లా ముప్ఫై శాతం నేలను, ముప్ఫై శాతం సముద్రాన్ని కాపాడతామని 2022లో మాంట్రియల్‌లో దాదాపు దేశాలన్నీ ఒప్పుకున్నాయి. అది న్యాయంగా జరగాలని కూడా రాసుకున్నాయి. ముప్ఫై శాతాన్ని కొలవడానికి ఉపగ్రహాలున్నాయి. న్యాయాన్ని కొలవడానికి హాజరు పట్టీ ఉంది.

రక్షిత ప్రాంతం పటం ముందే అచ్చయి గోడకు వేలాడుతుంటుంది. ఆ తర్వాత ‘భాగస్వాముల సదస్సు’. తీరం నుంచి వ్యానులో తెచ్చిన జాలర్లను ఏసీ హాల్లో వెనక వరుసలో కూర్చోబెట్టి ఇంగ్లీషు స్లైడ్లు చూపిస్తారు. ఎవరో ఓ పెద్దాయన లేచి, “తాబేలు గుడ్లెక్కడ పెడతాదో మాకు తెలవదాండీ? గీత గీసే ముందు మమ్మల్నెందుకు అడగలేదండీ?” అంటాడు. అధ్యక్షులవారు మంచి పాయింటని మెచ్చుకుని భోజనాలకు లేస్తారు. సంతకం పెడితేనే కూపను. నివేదికలోకెక్కేసరికి ఆ సంతకమే ‘సమ్మతి’.

మా దగ్గర ఎండాకాలంలో చెరువులో చేపలు పట్టే రోజు చూడాలి. ఎవరి వాటా ఎంతో తేలందే తట్ట కాంటా ఎక్కదు. గట్టు మీద అరుపులు, అలకలు అన్నీ ఉంటాయి. అయితే వలేసేటోడు లేకుండా ఆ లెక్క తెగదు. నివేదికలు రాసేవారికి ఇది మోటుగా కనిపించవచ్చు.

చట్టం, పాపం, మంచిదే. 1991లో వన్యప్రాణి చట్టాన్ని సవరించినప్పుడు, ప్రాదేశిక జలాల్లో అభయారణ్యం పెట్టాలంటే నౌకాదళపు జల సర్వే అధిపతిని సంప్రదించాలన్నారు. స్థానిక మత్స్యకారుల వృత్తి ప్రయోజనాలను కాపాడాలనీ అన్నారు. ఆ మత్స్యకారులనూ ఓ మాట అడగాలని మాత్రం రాయలేదు.

ఇక కొల్లేరు. మొదట సర్కారే సొసైటీలు పెట్టించి చేపల చెరువులిచ్చింది. వెనకే డబ్బున్నోళ్లు లీజుల పేరుతో దిగారు. 1999లో ఐదో కాంటూరు (ఎత్తు గీత) దాకా, 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమైంది. 2006లో ఆ చెరువుల గట్లు తెంపారు. కొల్లేరు బతకాలనే నేనూ అంటాను, ఆ సరస్సును చెరువులు మింగేసిన మాట నిజం. కానీ వందల ఎకరాల ఆసామి గట్టూ, పేద వడ్డి కులపు జాలర్ల సొసైటీ గట్టూ ఒకే పద్దులో తెగాయి. తర్వాత మళ్లీ గట్టు పోసుకునే తాహతు ఎవరికుందో కొల్లేరు వైపు వెళ్లినవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఆంధ్ర తీరంలో జాలర్లకు పనికొచ్చే గీత ఒకటి పాతదే ఉంది. ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల దాకా సంప్రదాయ పడవలకే, మరపడవలు అవతలే వేటాడాలి. దానికి 1994 నాటి చట్టం అండ. ట్రాలు వలలో ఊపిరాడక చచ్చిన ఆలివ్ రిడ్లే తాబేలు ఒడ్డుకు కొట్టుకొస్తే, ముందు ప్రశ్నలడిగేది మాత్రం ఇసుకలో వల బాగుచేసుకుంటున్నవాణ్ణే. ట్రాలరు గీత దాటి వచ్చిందని అతను చెబితే సిబ్బంది కొరత అంటారు. కొత్త అభయారణ్యం గీత అతని తెప్ప దాటిందనుకోండి, సిబ్బంది ఎక్కణ్నుంచో ఊడిపడతారు.