వేలిముద్రగాళ్లు

వేలిముద్రగాడనుట మన భాషలో తిట్టు. ఆ తిట్టును మీదినుండి దులుపుకొనుటకై, 1991 ప్రాంతమున నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతోద్యమము సాగిన దినములలో, పగలెల్ల నాట్లలో నడుములు విరుగ వంగిన ఆడువారు రాత్రులందు లాంతరు చుట్టును కూర్చుండి, పలకమీద తమ పేరు తాము వ్రాయ నేర్చి, నేర్చిన నాలుగక్షరముల ధైర్యముతోనే దూబగుంటలో సారాయంగడిని మూయించి, 1993 నాటికి రాష్ట్రమంతటను సారా నిషేధమును సాధించిరి. బొటనవ్రేలి సిరాను వారు కడుగుకొన్నది అప్పుడే. పాతికేండ్లు నిండకమునుపే ప్రభుత్వమువారు ఈపాస్ యంత్రమును చేతబట్టుకొని వచ్చి, "మీ సంతకముతో మాకు పనిలేదు, ఆ వ్రేలిటు తెండు" అనిరి. 2016 డిసెంబరులో భీమ్ యాప్‌ను ఆవిష్కరించుచు ప్రధానమంత్రిగారు, ఒకనాడు నిరక్షరతకు గుర్తయిన బొటనవ్రేలే ఇకమీదట మీ బ్యాంకు, మీ వ్యాపారమని అభయమిచ్చిరి. సమతాధర్మము నెరవేరినది: కూలినాలివారు మొదలు కలెక్టరుల వరకు, కంప్యూటరునకు ఆజ్ఞలు వ్రాసి పొట్టపోసికొను నావంటివారితో సహా, ఎల్లరమును వేలిముద్రగాళ్లమైతిమి.

వ్రేలే పాస్‌వర్డట! పాస్‌వర్డనగా నేమి? ఒక్కని మనసున మాత్రమే యుండి, బయటపడిన మరుక్షణము మార్చుకొనదగిన మాట. వ్రేలో, టీ గ్లాసుమీద, బస్సు కడ్డీమీద, కుళాయిమీద, ముట్టిన ప్రతి వస్తువుమీదను తన ప్రతిని తానే అచ్చొత్తి పంచిపెట్టు మహాదాత. ఒకటి పోయినచో మార్చుకొనుటకు ఇంక తొమ్మిది యున్నవి. ఆపైన కాళ్లమీద పడవలసినదే. 1897లో కలకత్తాలో వ్రేలిముద్రల కార్యాలయమును తెరచినవారు దొంగను పోల్చుకొనుటకు తెరచిరే గాని, ముద్రను ఇంటి గడియకు తాళముగా వ్రేలాడదీయుటకు గాదు.

అయినను భయములేదు, గోడయున్నది. 2018 మార్చిలో అటార్నీ జనరల్ వేణుగోపాల్‌గారు సుప్రీముకోర్టున, ఆధార్ వివరములు 13 అడుగుల ఎత్తు, 5 అడుగుల మందము గల గోడల నడుమ భద్రముగా నున్నవని విన్నవించిరి. గోడల సంగతి మా నెల్లూరు సీమవారికి తెలియనిదా? ఉదయగిరి దుర్గమును గైకొనుటకు కృష్ణదేవరాయలంతవాడు ఏడాదికి మించి ముట్టడి వేసి కూర్చుండెను. అయితే ఆనాటి గజపతులు కోట తలుపులు బిగించి, తాళపుచెవి అచ్చులను ఊరూరను పంచిపెట్టలేదు. మనవారో, భూముల దస్తావేజులను, వానిపై సిరాతో స్పష్టముగా వేయించిన వ్రేలిముద్రలతో సహా, ఇంటర్నెట్టున పెట్టిరి. ఆ 2018లోనే పెద్దపల్లి జిల్లా ధర్మారమున సిమ్‌కార్డులమ్ము ఒకడు, తెలంగాణ రిజిస్ట్రేషను దస్తావేజులనుండి ముద్రలెత్తి, రబ్బరుముద్రలు చేయు విధముననే వ్రేళ్లకు నకళ్లు పోసి, పరుల పేర వేలకొలది సిమ్ములకు ప్రాణము పోసెను. ఆ 13 అడుగుల గోడను అతడు ఎక్కలేదు సరిగదా, దానివైపు తలయెత్తి చూడవలసిన పనియు కలుగలేదు. పిమ్మట ఆంధ్ర దస్తావేజుల వంతు వచ్చినది. ఈ మారు పోయినవి సిమ్ములు గావు, బ్యాంకులలోని సొమ్ము. ఆధార్ ద్వారా సొమ్ము తీయుటకు ఆ సంఖ్య, బ్యాంకు పేరు, వ్రేలు ఉండిన చాలును. పిన్నక్కరలేదు, ఓటీపీ అక్కరలేదు.

కావలసినవారు తమ ముద్రలను లాక్ చేసికొనవచ్చునని ఆధార్ సంస్థవారు ఉపాయము చెప్పినారు. తాళమునకు తాళమన్నమాట! స్మార్టుఫోనులో యాపు తెరచి వేసికొనవచ్చును. ఆ ఫోను తెరచుటకు మరల వ్రేలు చూపవలెను.

ఇటీవల మైపాడు దారిలోని యొక చౌకధరల దుకాణమున నాకు ముందు ఒక అవ్వ నిలిచియుండెను. ముప్పదియేండ్లు మంచుగడ్డల నడుమ రొయ్యల తలలు దీసి, తొక్కలొలిచి, వ్రేలిరేఖలను గూడ ఆ తొట్టిలోనే విడిచివచ్చిన మనిషి. ఇస్కపల్లి ఉప్పుమళ్లలో కాళ్లుచేతులు నానినవారి వ్రేళ్లును, తీరము పొడవున వలత్రాళ్లు లాగువారి వ్రేళ్లును ఇట్లే యుండును. డీలరు ఆమె కుడిచేయి అయిదువ్రేళ్లును ఒత్తించి, కొంగుతో తుడిపించి, ఎడమచేతికి వచ్చెను.

"ముద్ర పడలేదవ్వా. ఇంకోతూరి గట్టిగా ఒత్తు."

"ఏందబ్బయా, నా చెయ్యి నాది కాదంటుందే ఈ పెట్టె?"

నకలు వ్రేలిని కన్న తల్లివలె పోల్చుకొన్న జాతి యంత్రము, నవమాసములు మోసి తల్లి కన్న వ్రేళ్లను పదింటిని ఎన్నడు నెరుగనట్లు తిరుగగొట్టెను. జీవమున్న వ్రేలో, జిగురు వ్రేలో పరీక్షించు విద్య యిప్పుడు యంత్రములకు నేర్పినారట; మంచులో నానిన యీ వ్రేలు ఆ రెంటిలో దేనిక్రింద జమయగునో నాకు బోధపడలేదు. కీబోర్డుమీద తప్ప వేరు శ్రమ యెరుగని నా వ్రేలినైతే అది ఒక్క ఒత్తుడులోనే అంగీకరించెను.

అవ్వ సంచి మడిచి చంకన బెట్టుకొని, కదలక అట్లే నిలిచి, కొంచెము సిగ్గుతో అడిగెను: "పోనీ, సంతకం పెట్టేదా అబ్బయా? నాకొచ్చు."

"సంతకానికి ఇందులో చోటు లేదవ్వా."