కుడి చెప్పు

చెన్నైలో ఉద్యోగం చేసే కుర్రాడు సంక్రాంతికి సొంత కారులో చీడికాడ వచ్చాడు. భోగి మంట ఆరేసరికి వీధి కుర్రాళ్లంతా కారు చుట్టూ చేరారు. ఇంజను చూపించమన్నారు. అతను జాకీ పెట్టి ముందు చక్రం విప్పాడు.

శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో రేసు ట్రాక్ ఉంది. చుట్టు 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు. ట్రాక్ డే అని పెడతారు. డబ్బు కడితే ఎవరి కారు వాళ్లు తోలుకోవచ్చు. తిన్నటి దారిలో వేగమెత్తి, మలుపు ముందు గట్టిగా బ్రేకు తొక్కాలి. మళ్లీ వేగం, మళ్లీ బ్రేకు. కొన్ని చుట్లకే మామూలు బ్రేకులు చేతులెత్తేస్తాయి.

"ఆయిల్ మరిగిపోతుంది," అన్నాడు.

బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తదైతే కనీసం 205 డిగ్రీల దాకా తట్టుకోవాలి. తేమ పట్టాక 140 దాటితే నమ్మకం లేదు. మరిగితే గొట్టాల్లో ఆవిరి పుడుతుంది. పెడల్ నేలకంటుతుంది, బండి ఆగదు. అందుకని అతను 260 దాకా ఓర్చే డాట్ 5.1 పోయించాడు. రబ్బరు గొట్టాలు ఒత్తిడికి ఉబ్బుతాయని ఉక్కు తీగ అల్లినవి వేయించాడు. ప్యాడ్ల మందం కొలవడానికి వెర్నియర్ కాలిపర్ వెంటే ఉంచుకుంటాడు. మూడు మిల్లీమీటర్లకు అరిగితే మార్చేయడమే. ఖర్చెంతయిందో మాత్రం గొంతు తగ్గించి చెప్పాడు. జంక్షన్ మెకానిక్ కూడా వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని అంతా విన్నాడు.

అప్పుడే తండ్రి పొలం నుంచి ఎక్సెల్ బండి మీద వచ్చాడు. వెనక గడ్డిమోపు.

"బండి ఓపాలి సూడరా బాబూ," అన్నాడు.

"రేపు చూస్తాలే నాన్నా."

పోయిన పండక్కీ ఇదే మాట.

పండగనాడు తండ్రికి కొత్త చెప్పులు తొడిగించాడు. ఏటా తెస్తాడు. పాతవి అవతల పడేయబోతూ ఆగాడు. ఎడమ చెప్పు ఇంకో ఏడాది వస్తుంది. కుడిది మడమ దగ్గర కాగితమైపోయింది. జేబులోంచి కాలిపర్ తీసి కొలిచాడు. వేళ్ల దగ్గర 14 మిల్లీమీటర్లు, మడమ దగ్గర 2. ఆలోచిస్తే, పోయినేడు పారేసిన జతా ఇంతే.

"మోకాలు నొప్పా నాన్నా?"

"నాకేటి నొప్పి?"

ముసలివాళ్లు చెప్పరు. విశాఖపట్నంలో ఎముకల డాక్టరుకి చూపించాలని నిశ్చయించుకున్నాడు.

కనుమనాడు మెకానిక్ టీ కొట్టు దగ్గర కనిపించాడు. రోజూ చూసే మనిషి కదా అని అడిగాడు.

"మా నాన్న కాలు ఈడ్చి నడుస్తున్నారా?"

"కాలుకేటీ నేదు బాబూ. ఆ బండికి బ్రేకుల్లేవు. పల్లమొస్తే కుడికాలు నేలకి రాసి ఆపుతాడు."

"మరి నువ్వు షూలు మార్చలేదేం?"

"రెండేళ్ల కాణ్ణుంచి అడుగుతన్నాను. సెయ్యి పెట్టనివ్వడు. బ్రేకుల సంగతి మావోడికి తెలిసినట్టు నీకేటి తెలుసు, పండక్కొచ్చి ఆడే సూస్తాడంటాడు."