మాంట్రియల్ ప్రభువులకు ఒక పడిశపు విన్నపము

మాంట్రియల్ నగరమున కొలువుదీరిన ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థాధిపతుల సముఖమునకు, ఏ పందెమునందును ఏనాడును పరుగెత్తి యెరుగని యొక ముదుసలి నమస్కరించి వ్రాసికొను బహిరంగ విన్నపము.

మహాశయులారా,

గడచిన వారము మా మనుమరాలికి జలుబుచేసి దగ్గు పట్టుకొన్నది. జిల్లా పోటీలలో పరుగెత్తు పిల్ల యగుటచే, మా యింటిది చెంచాలో పోసి నోటికందించిన మందును త్రాగక, సీసాను దీపమునకు దగ్గరగా పట్టి, చీమతలలకన్న సన్నములైన యక్షరములను కూడబలుకుకొని, “ఇందులో టెర్బ్యుటలిన్ ఉంది నానమ్మా, వద్దు” అని చెంచాను ప్రక్కకు త్రోసినది. ఇంటిల్లిపాదికిని ఇన్నేండ్లుగా మందుపోసిన చేయి గాలిలో అట్లే నిలిచిపోయినది. మీ ప్రతాపము మా వంటయింటివరకు వచ్చినదని నేనెరిగినది అప్పుడే.

క్రీడాకారుని దేహమున దొరకినదానికెల్ల క్రీడాకారుడే యుత్తరవాది యనునది మీ శాసనమునకు ప్రాణసూత్రమట. ఎవరు పోసిరి, తెలిసి త్రాగెనా తెలియక త్రాగెనా యను విచారణ శిక్షను తగ్గించుటకేగాని దోషమును తుడుచుటకు గాదట. మన కరణం మల్లీశ్వరి 240 కిలోల బరువెత్తి కాంస్యము తెచ్చిన ఆ 2000 నాటి సిడ్నీలోనే, ఆండ్రియా రదుకాన్ అను పదునారేండ్ల రుమేనియా బాలిక, జట్టు వైద్యుడు జలుబునకిచ్చిన బిళ్ల మ్రింగి, అందలి స్యూడోఎఫెడ్రిన్ కారణముగా జిమ్నాస్టిక్స్ స్వర్ణమును పోగొట్టుకొనెను. అప్పటికి మీ శాసనము పుట్టలేదు, నిజమే. పుట్టిన పిదప 2004లో ఆ పదార్థమును జాబితానుండి తొలగించితిరి. 2010లో, మూత్రమున మిల్లీలీటరునకు 150 మైక్రోగ్రాములు మించరాదను హద్దుతో మరల చేర్చితిరి. ముక్కు అదే, బిళ్ల అదే. దోషము వచ్చుచు పోవుచున్నది, పతకము మాత్రము రాలేదు. 2002లో సాల్ట్ లేక్ సిటీలో అలెన్ బ్యాక్స్టర్ అను స్కాట్లాండువాడు, అమెరికా అంగడిలో కొన్న విక్స్ ఇన్‌హేలరులో తన దేశపు ఇన్‌హేలరున లేని సరకుండుటచే, మంచుజారుటలో గెలిచిన కాంస్యమును వదలుకొనెను.

ఇంత సూక్ష్మముగ చూచు లోకమునకు, 2014లో సోచి ప్రయోగశాల గోడకు పొడిచిన కన్నము కనబడలేదు. ఆ కన్నముగుండ రాత్రివేళ రష్యా క్రీడాకారుల సీసాలు ఆవలికి పోయి, తెరువరానివని పేరొందిన మూతలు తెరవబడి, నెలలముందు దాచిన నిర్మల మూత్రముతో నిండి, స్వస్థానమును చేరెడివి. మృచ్ఛకటిక నాటకమున శర్విలకుడు కన్నమును పద్మాకృతిని వేయుదునా, పూర్ణకుంభాకృతిని వేయుదునా యని తర్కించెనుగాని, మూత్రముకొరకు కన్నము వేయవచ్చునని ఆ చోరశిఖామణికిని తోచలేదు! ఇంతయుజేసి 2016లో ఆ గుట్టు విప్పినది మీ పరీక్షలు గావు. ప్రయోగశాలాధిపతి రొద్చెన్కోవే పత్రికవారికి చెప్పుకొనెను.

అయినను మీ ప్రాణసూత్రమును సడలింపుడని కోరను. “నాకు తెలియదు” అనుమాట చెల్లినచో తెలిసినవాడొక్కడును లోకమున మిగులడు. చదువవలసిన భారమంతయు పిల్లపై మోపితిరి గనుక అక్షరములనైన పెద్దవి చేయింపుడు. బిస్కత్తు పొట్లముమీద శాకాహారమని ఆకుపచ్చ చుక్క పెట్టించిన దేశము మాది. మందుసీసాకు మరియొక చుక్క బరువుగాదు.

ఇక పేరుగాంచిన క్రీడాకారులు ప్రతిదినము ఒక గంట తామెచ్చట దొరకుదురో ముందుగనే మీకు తెలుపవలెననియు, 12 నెలలలో మూడుమార్లు తప్పినచో నిషేధము తప్పదనియు వింటిని. ఆ పడిశము మనుమరాలినుండి నాకంటుకొన్నది గనుక, అడుగకున్నను నా గంటయు విన్నవించుచున్నాను: ఉదయము 6 మొదలు 7 వరకు మా వీధియరుగు మీదనే, శొంఠికషాయము గ్లాసుతో కూర్చుండి యుందును. చూచి పరీక్షింపదలచినచో చల్లారకముందే రావలయును.